మళ్లీ గుర్రుమన్న బ్రూనో: గొలుసు పద్ధతి వదిలి దయతో కూడిన శిక్షణకు మారిన ఒక శిక్షకుడి కేస్ స్టడీ

కుక్కలకు చాలా ఏళ్లపాటు గొలుసు లాగి, గద్దించి శిక్షణ ఇచ్చిన ఒక శిక్షకుడు ఆ పద్ధతిని పూర్తిగా వదిలిపెట్టాలని నిర్ణయించుకుని నా పర్యవేక్షణలో చేరారు. కొత్త పద్ధతిలో ఆయన మొదటి నుంచి చివరి దాకా బాధ్యత తీసుకున్న తొలి ప్రవర్తన సమస్య ఇది. యజమానురాలి అనుమతితో రాస్తున్నాను. కుక్క పేరు మార్చాను, కుటుంబాన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

దయగల శిక్షకులు కావాలని వచ్చేవాళ్లలో చాలామంది కుక్కల మీద ప్రేమ ఉంటే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను, అది లేనివాళ్లు ఈ పనిలో నిలవలేరు. అయితే మన మనసులో ఎంత దయ ఉందో కుక్కకు కనిపించదు. మన చెయ్యి ఎప్పుడు కదిలింది, ఎంత దగ్గరికి వచ్చింది, తను వద్దన్నప్పుడు ఆగిందా లేదా అన్నవే దానికి తెలుస్తాయి. కాబట్టి దయ కుక్కకు అందాలంటే అది చేతికీ కంటికీ అభ్యాసంగా మారాలి. ఆ అభ్యాసం ఎలా వస్తుందో ఈ కేసు స్పష్టంగా చూపిస్తుందని నమ్మి దీన్ని వివరంగా నమోదు చేస్తున్నాను.

కేసు నేపథ్యం

బ్రూనో సుమారు నాలుగేళ్ల లాబ్రడార్ సంకర జాతి మగకుక్క. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. ఏడాది వయసులో ఈ ఇంటికి వచ్చింది. పడుకుని ఉండగా ఎవరైనా ముట్టుకుంటే మొదట్లో గుర్రుమనేది. అప్పట్లో ఇంటివాళ్లు సంప్రదించిన శిక్షకుడు మెడకు బిగుసుకునే గొలుసు వేయించి, గుర్రుమన్న ప్రతిసారీ దాన్ని గట్టిగా లాగి కేకలేయమని చెప్పారు. కొన్ని వారాల్లో గుర్రుమనడం ఆగిపోయింది. సమస్య తీరిందని అందరూ సంతోషించారు.

ఆ తర్వాత చాలాకాలానికి, కాలర్ తగిలించబోయిన యజమానురాలి చేతిని బ్రూనో పళ్లతో పట్టి వదిలింది. చర్మం తెగలేదు. మరికొన్ని వారాలకు చెవి ఎత్తి చూడబోతే కరిచింది, ఈసారి లోతు తక్కువైనా పంటి గాటు పడింది. పశువైద్యుడు, ప్రవర్తన నిపుణుడు అయిన ఇయాన్ డన్బార్ కాటు తీవ్రతను కొలవడానికి రూపొందించిన ఆరు స్థాయుల కొలమానం ప్రకారం మొదటిది రెండో స్థాయి, రెండోది మూడో స్థాయి. స్థాయి పెరగడం ఒక హెచ్చరిక. కానీ రెండు సార్లూ కుక్క ఒక్క కాటుతో వదిలేసి వెనక్కి తగ్గింది, మీదపడలేదు. పని మొదలుపెట్టడానికి ఆస్కారం ఉందని ఈ వివరమే మాకు చెప్పింది.

యజమానురాలి ఫిర్యాదు ఒకటే: “చెప్పాపెట్టకుండా కరుస్తున్నాడండీ.”

మొదటి పరిశీలన

మొదటి సమావేశంలో బ్రూనోను ఎవరూ ముట్టుకోకూడదని ముందే అనుకున్నాం. గది మధ్యలో గేటు పెట్టి, యజమానురాలు అవతల నిలబడి లీష్ చేతిలోకి తీసుకోవడం, ఒక అడుగు ముందుకు వేయడం, వెనక్కి వెళ్లడం మాత్రమే చేశారు. అంతా వీడియో తీశాం. తర్వాత ఏం చూశారని శిక్షకుణ్ణి అడిగితే, “ఏమీ చేయలేదండీ, ఊరికే కూర్చుంది” అన్నారు.

అదే వీడియోను శబ్దం తీసేసి, వేగం బాగా తగ్గించి మళ్లీ చూడమన్నాను. కోపం, మొండితనం, పొగరు లాంటి మాటలు రాయకూడదని, శరీరంలో ఏ భాగం ఏ క్రమంలో కదిలిందో మాత్రమే రాయాలని చెప్పాను. రెండోసారి ఆయన కాగితం నిండిపోయింది. లీష్ కొక్కెం చప్పుడుకే తెరిచి ఉన్న నోరు మూసుకుంది. నాలుక ఒక్కసారి ముక్కు దాకా వచ్చి లోపలికి పోయింది. చెవులు వెనక్కి వాలాయి. తల పక్కకు తిప్పుకుని, కళ్లు మాత్రం చేతి మీదే ఉంచడంతో కంటి మూల తెల్లగా కనిపించింది. ముందు కాళ్ల మీద ఉన్న బరువు వెనక కాళ్ల మీదికి జరిగింది. చివరికి ఒంట్లో కదలికే ఆగిపోయింది, ఊపిరి తీస్తున్నప్పుడు లేచి పడే పక్కటెముకలు కూడా ఒక క్షణం నిలిచిపోయాయి. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగింది. ఊరికే కూర్చుందని ఆయన అనుకున్న కుక్క, తనకు తెలిసిన భాషలో వరసగా అన్ని రకాలుగానూ వద్దని చెప్పింది.

ఈ హెచ్చరికలన్నిటిలో మనుషుల చెవికి సులభంగా అందేది గుర్రుమనడం ఒక్కటే. దండనతో ఆ ఒక్కదాన్నీ నొక్కేశారు. దండన ప్రవర్తనను అణచగలదు, కానీ ఆ ప్రవర్తనకు మూలమైన భయాన్ని తగ్గించదు. పైగా మనిషి చెయ్యి దగ్గరికి వస్తే మెడకు నొప్పి కలుగుతుందనే పాఠాన్ని కూడా నేర్పుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యశాలకు ప్రవర్తన సమస్యలతో వచ్చిన కుక్కల యజమానులు 140 మందిని ప్రశ్నించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కను కొట్టడం లేదా తన్నడం చేశామన్నవాళ్లలో 43 శాతం మంది, బలవంతంగా వెల్లకిలా తిప్పి అదిమిపెట్టామన్నవాళ్లలో 31 శాతం మంది తమ కుక్క ఎదురుతిరిగిందని చెప్పారు. బ్రూనో వెంటనే ఎదురుతిరగలేదు. నోరు మూసుకుంది. ఇంటివాళ్లు దాన్నే విధేయత అనుకున్నారు.

వైద్య పరీక్ష

ఏ ప్రవర్తన కేసులోనైనా నేను శిక్షణ ప్రణాళిక రాయడానికి ముందు పశువైద్యుల నివేదిక అడుగుతాను, ఈ విషయంలో పట్టువిడుపులు ఉండవు. ప్రవర్తన నిపుణుల దగ్గరికి వచ్చే పిల్లులు, కుక్కల కేసుల్లో తక్కువలో తక్కువ మూడో వంతులో ఏదో ఒక రకమైన శారీరక నొప్పి ఉంటుందని, కొన్ని సందర్భాల్లో అది 80 శాతం దాకా ఉండవచ్చని 2020లో వెలువడిన ఒక సమీక్షా వ్యాసంలో డేనియల్ మిల్స్, ఆయన సహచరులు అంచనా వేశారు. బ్రూనోకు రెండు చెవుల్లోనూ ఇన్ఫెక్షన్ ఉంది, కుడి చెవి నాళం బాగా వాచి ఉంది. కాలర్ బిగించేటప్పుడు చెయ్యి తగిలేది సరిగ్గా ఆ చోటే.

రోజూ చెవిలో చుక్కలు వేయాల్సిన మందు ఇస్తే, నొప్పి తగ్గించే పేరుతో రోజుకు రెండుసార్లు భయాన్ని కొత్తగా నేర్పినట్టు అవుతుంది. ఈ సంగతి పశువైద్యులకు వివరించాం. వారు మత్తు ఇచ్చి చెవులు శుభ్రం చేసి, ఒకసారి వేస్తే ఎక్కువకాలం పనిచేసే మందు వేశారు. శిక్షకులూ పశువైద్యులూ కలిసి పనిచేస్తే కుక్కకు ఎంత మేలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. చెవి నయమైంది. కానీ చెయ్యి అంటే నేర్చుకున్న భయం చెవితోపాటు నయం కాదు. శిక్షణ పని అక్కడి నుంచి మొదలైంది.

ముందు కాట్లు జరగకుండా చూడటం

నేర్పే పని ఫలించడానికి సమయం పడుతుంది, ఆ లోపల కుక్క పాత పాఠాన్ని మళ్లీ మళ్లీ సాధన చేయకూడదు. అందుకని కాలర్ జోలికి ఎవరూ వెళ్లకుండా, ఛాతీకి తొడిగే హార్నెస్‌ను చెవుల శుభ్రత కోసం మత్తు ఇచ్చిన రోజునే సరిచూసి వేయించి, ఇంట్లో మనుషులు గమనిస్తున్నంతసేపూ దానికి తేలికైన చిన్న తాడు తగిలించి ఉంచాం. బ్రూనోను ఎక్కడి నుంచైనా లేపాలంటే దగ్గరికి వెళ్లి పట్టుకోకుండా, దూరం నుంచి పిలిచి, వచ్చాక ట్రీట్ ఇవ్వాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. నోరు తెరిచి రొప్పడానికీ ట్రీట్ తినడానికీ వీలుండే, మూతికి తొడిగే బుట్ట ఆకారపు మజిల్‌ను కూడా మెల్లగా అలవాటు చేయడం మొదలుపెట్టాం. మజిల్ అంటే శిక్ష అన్న అపోహ చాలామందిలో ఉంది. నేర్పవలసిన పద్ధతిలో నేర్పితే అది కుక్కను బలవంతపు పరిస్థితుల నుంచి, మనుషులను గాయాల నుంచి కాపాడే సాధనం.

శిక్షకుడి చేతులు

అసలు కష్టం ఇక్కడ ఎదురైంది. ఆయనకు కుక్కలతో ఎన్నో ఏళ్ల అనుభవం ఉంది, కుక్కలంటే భయం లేదు, ఓపికా ఉంది. కానీ ఆయన చేతులు వేరే పనికి అలవాటుపడ్డాయి. తప్పు జరిగిన క్షణంలో కదలడం వాటికి తెలుసు. సరైనది జరిగిన క్షణాన్ని పట్టుకోవడం వాటికి కొత్త.

క్లిక్కర్ (నొక్కితే టక్‌మని చప్పుడు చేసి, చేసిన పని సరైనదని కుక్కకు తెలిపే చిన్న పరికరం) ఇచ్చి, కుక్క తన పేరు విని తల తిప్పిన క్షణంలో నొక్కమంటే, అది తల తిప్పి మళ్లీ అటు చూసేటప్పటికి క్లిక్ వచ్చేది. అంటే ఆయన బహుమతి ఇస్తున్నది చూపు మరల్చుకోవడానికి. మరో దోషం ఇంకా సూక్ష్మమైనది. క్లిక్ కన్నా ముందే ఆయన కుడి చెయ్యి నడుముకు కట్టుకున్న ట్రీట్ సంచిలోకి పోయేది. కుక్క క్లిక్కర్ చప్పుడును పట్టించుకోకుండా ఆయన మోచేతిని చూడటం మొదలుపెట్టింది. ఈ సంగతి వీడియోలో చూపించేదాకా ఆయనకు తెలియలేదు, చూశాక కాసేపు నమ్మలేదు.

దీన్ని కుక్క దగ్గర సరిదిద్దడం అన్యాయం. మన చేతులకు నైపుణ్యం నేర్పుకోవడానికి భయంలో ఉన్న ప్రాణిని వాడుకోకూడదు. అందుకని కుక్క లేకుండా సాధన చేయించాను. నేను బంతి వదిలితే అది నేలను తాకిన క్షణంలో ఆయన క్లిక్ చేయాలి. ఆ తర్వాత క్లిక్ చేసి, ఒక్క లిప్తపాటు ఆగి, అప్పుడే చెయ్యి సంచిలోకి పోయి, ట్రీట్ తీసి గిన్నెలో వేసి, మళ్లీ తొడ పక్కకు వచ్చి ఆగాలి. చూసేవాళ్లకు ఇది చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ బహుమతి ఆధారిత శిక్షణలో విఫలమయ్యామని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఈ మెట్టు దాటకుండానే కుక్క దగ్గరికి వెళ్లినవాళ్లు. ఎప్పుడు ఇచ్చారు, ఎంత తరచుగా ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు అన్న మూడూ కుదరకపోతే పునర్బలనం, అంటే మంచి ప్రవర్తనను బహుమతితో బలపరచడం, లంచంలాగే కనిపిస్తుంది, లంచంలాగే విఫలమవుతుంది కూడా.

చెయ్యి ముందా, తిండి ముందా

చెయ్యి అంటే ఉన్న భయాన్ని మార్చడానికి మేము వాడిన పద్ధతి చాలా పాతది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, కుందేలంటే భయపడే ఒక పసివాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేలును దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెచ్చి ఆ భయాన్ని పోగొట్టారు. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ వివరించిన శాస్త్రీయ నిబంధనమే దీనికి ఆధారం, అంటే ఒకదాని వెంటనే మరొకటి వస్తూ ఉంటే, మొదటిది కనపడగానే రెండోదాని పట్ల ఉండే స్పందనే కలుగుతుంది. భయపెట్టే విషయాన్ని, భయం రేగనంత తక్కువ మోతాదులో చూపించాలి. చూపించిన వెంటనే కుక్కకు అత్యంత ఇష్టమైనది రావాలి. ఆ విషయం పోగానే ఇష్టమైనదీ ఆగిపోవాలి.

చెప్పడానికి ఇది మూడు వాక్యాలు, చేయడంలో అందరూ జారేది క్రమం దగ్గరే. మా శిక్షకుడు కూడా మొదట ఉడికించిన కోడిమాంసం ముక్క బ్రూనో ముందు పెట్టి, అది తింటూ ఉండగా రెండో చేతిని మెడ వైపు చాచారు. తిండిలో పడి చేతిని గమనించదన్నది ఆయన ఆలోచన. సరిగ్గా అదే దాని ప్రమాదం. మాంసం ముక్క ముందు వచ్చి, చెయ్యి తర్వాత వస్తే, కుక్క నేర్చుకునేది మాంసం ముక్క రాబోయే చేతికి సూచన అని. కొన్నిసార్లకే బ్రూనో ముక్కను చూడగానే నోరు మూసుకుని వెనక్కి వాలింది. అంటే తిండి చేతిని మంచిదిగా మార్చలేదు, చెయ్యే తిండిని అనుమానాస్పదం చేసింది. ఈ సూచన కనపడగానే పని ఆపించాను.

క్రమాన్ని తిరగేశాం. శిక్షకుడు కుక్కకు పక్కగా, నేల మీద కూర్చున్నారు. తిండి ఎక్కడా కనపడకూడదు. కుడి చెయ్యి ఒడిలోంచి ఒక బెత్తెడు పక్కకు కదిలి ఆగుతుంది. కుక్క దాన్ని గమనించిందని తెలిశాక, ఎడమ చెయ్యి వెనక నుంచి ముక్క తెచ్చి కుక్క మూతి దగ్గర పెడుతుంది. కుడి చెయ్యి ఒడిలోకి తిరిగిపోతుంది, తిండి ఆగిపోతుంది. కొంత విరామం, మళ్లీ మొదలు. చెయ్యి ఇంకా మెడకు చాలా దూరంలోనే ఉంది, ఎవరైనా చూస్తే అక్కడ ఏమీ జరగడం లేదనుకుంటారు. కానీ కొన్ని సెషన్లు గడిచాక, కుడి చెయ్యి కదలగానే బ్రూనో మూసుకున్న నోరు తెరిచి, తోక కుదురు వదులై, తల ఎడమ చేతి వైపు తిప్పి ఎదురుచూసింది. చెయ్యి కదిలితే మంచి జరుగుతుందని దానికి అర్థమైన క్షణం అది. శిక్షకుడు నా వైపు చూసి ఏమీ మాట్లాడలేకపోయారు.

అక్కడి నుంచి చెయ్యి కొంచెం కొంచెంగా దగ్గరికి వెళ్లింది. ముందుకు వెళ్లాలా వద్దా అన్నది క్యాలెండర్ చూసి నిర్ణయించలేదు. చెయ్యి కదిలినప్పుడు బ్రూనో ఎదురుచూపు స్పష్టంగా, వరసగా కనిపిస్తేనే తర్వాతి దూరం. పెదవి నాకినా, కళ్లు గట్టిగా ఆర్పినా, ముక్కను మామూలు కన్నా గబుక్కున లాక్కున్నా వెనకటి దూరానికి తిరిగిపోవడమే. సెషన్ కొద్ది నిమిషాలకు మించలేదు. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజున, పక్కింట్లో పెద్ద శబ్దాలున్న రోజున సెషనే పెట్టలేదు. చిన్న చిన్న ఒత్తిళ్లు ఒకదాని మీద ఒకటి చేరితే, నిన్న భరించగలిగిన దూరం కూడా ఇవాళ భరించరానిది కావచ్చు.

గడ్డం ఆనించడం, ఎవరు గెలిచారన్న ప్రశ్న

చెయ్యి మెడను తాకే దశ వచ్చాక రెండో నైపుణ్యం నేర్పాం. మడిచిన తువ్వాలు మీద బ్రూనో తనంతట తాను గడ్డం ఆనించి ఉంచాలి. ఇది అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త స్కిన్నర్ వివరించిన కార్యసాధక నిబంధనం, అంటే చేసిన పనికి ఫలితం మంచిదైతే ఆ పని పెరుగుతుంది. దీంట్లో కీలకమైన ఒప్పందం ఒకటుంది. గడ్డం ఆని ఉన్నంతసేపే చెయ్యి కదులుతుంది. గడ్డం ఎత్తితే చెయ్యి వెంటనే ఆగి వెనక్కి పోవాలి. అంటే పని మొదలుపెట్టే మీట, ఆపే మీట రెండూ కుక్క దగ్గరే ఉంటాయి.

శిక్షకుడికి మింగుడు పడనిది ఇదే. బ్రూనో గడ్డం ఎత్తిన మొదటిసారి ఆయన చెయ్యి ఆగలేదు, అలవాటు కొద్దీ ఇంకాస్త ముందుకు వెళ్లింది. కుక్క లేచి గది అవతలికి వెళ్లిపోయింది. “వదిలేస్తే అది గెలిచినట్టు కాదా?” అని అడిగారు. ఆయన నిజాయితీగా అడిగిన ఈ ప్రశ్నకు నిజాయితీగానే జవాబు చెప్పాలి.

కుక్కతో మనిషికి ఉన్నది పెత్తనం కోసం పోరు అనే భావన, బంధించి ఉంచిన తోడేళ్ల పరిశీలనల నుంచి వచ్చింది. రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన ఆ పరిశీలనల్లో, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఇరుకైన చోట కలిపి ఉంచినప్పుడు జరిగే ఘర్షణలు కనిపించాయి. ఆ తర్వాత అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి అనుసరించిన డేవిడ్ మెక్, సహజమైన తోడేళ్ల గుంపు చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలతో కూడిన ఒక కుటుంబమని 1999లో స్పష్టంగా రాశారు. పెత్తనం సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని కుక్కలను అదిమే పద్ధతులను అమెరికా పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2008లోనే తప్పుపట్టింది. 2021లో అదే సంఘం, ప్రవర్తన సమస్యలతో సహా అన్ని రకాల శిక్షణలోనూ బహుమతి ఆధారిత పద్ధతులనే వాడాలని చెప్పింది. తోడేళ్ల గురించి ఇంత చెప్పాక కూడా, ఆయన్ను నిజంగా మార్చింది ఈ చరిత్ర కాదని నా అభిప్రాయం. తర్వాతి సెషన్లో బ్రూనో గడ్డం ఎత్తగానే ఆయన చెయ్యి ఠక్కున ఆగింది. కుక్క ఆ చేతిని చూసింది, ఆయన ముఖం చూసింది, తిరిగి తువ్వాలు మీద గడ్డం ఆనించింది. వద్దనే హక్కు దక్కిన కుక్క సరే అనడం కళ్లారా చూసినవాళ్లకు గెలుపోటముల లెక్క దానంతట అదే సడలిపోతుంది.

యజమానురాలి పట్ల దయ

కుక్క పట్ల ఎంతో ఓపిక నేర్చుకున్న ఈ శిక్షకుడు, యజమానురాలి విషయంలో మొదట పాత పద్ధతిలోనే మాట్లాడారు. ఆమె తొందరపడి చెయ్యి చాచినప్పుడు, “అలా చేయొద్దన్నాను కదండీ, మీరు గొలుసు లాగబట్టే ఇది ఇంతదాకా వచ్చింది” అన్నారు. ఆమె ముఖం చిన్నబోయింది. తర్వాతి వారం తను సాధన చేయలేదని చెప్పి, సెషన్ వాయిదా వేయమని అడిగారు.

ఈ విషయం మీద మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమె అప్పట్లో నిపుణుడి సలహానే తు.చ. తప్పకుండా పాటించారు. కుక్కను బాధపెట్టాలని కాదు, ఇంట్లో అందరూ క్షేమంగా ఉండాలనే అలా చేశారు. తప్పుని దండిస్తే కుక్క మనల్ని తప్పించుకోవడం నేర్చుకున్నట్టే, మనిషి కూడా నేర్చుకుంటారు. వాయిదా వేయమని అడగడం అదే. కుక్క యజమానులను గద్దించే శిక్షకుడు కుక్కను ఎంత మృదువుగా చూసినా, ఆ కుక్కతో రోజంతా ఉండేది ఆ యజమానులే కాబట్టి, చివరికి నష్టపోయేది కుక్కే. అసలుకే మోసం వస్తుంది.

తర్వాత శిక్షకుడు ఆమెకు పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి ఇచ్చారు. ఒక రోజు చెయ్యి కదిపి ఆపడం మాత్రమే. సరిగ్గా ఆగిన ప్రతిసారీ ఏది బాగుందో పేరుపెట్టి చెప్పారు: “చెయ్యి ఆగాక ఆ క్షణం ఎదురుచూశారు చూడండి, అదే కావాలి.” ఆమె చేతులు చాలా త్వరగా కుదిరాయి, ఒక దశలో శిక్షకుడి చేతులకన్నా బాగా.

గుర్రుమన్న రోజు

సుమారు రెండు నెలలు గడిచాక ఒక సాయంత్రం యజమానురాలు గాభరాగా ఫోన్ చేశారు. సోఫా మీద పడుకున్న బ్రూనో మీదుగా టీనేజీలో ఉన్న కొడుకు రిమోట్ కోసం చెయ్యి చాస్తే, కుక్క సన్నగా గుర్రుమంది. అబ్బాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంతకాలం పడిన శ్రమంతా పోయిందని ఆమె బాధ.

శిక్షకుడి జవాబును నేను ఇక్కడ యథాతథంగా రాస్తున్నాను: “చాలా మంచి వార్త చెప్పారండీ. ఇన్నాళ్లూ నోరు నొక్కుకుని ఉన్నవాడు ఇవాళ మీకు మాట చెప్పాడు. బాబు విని చెయ్యి తీశాడు. ఇద్దరూ సరిగ్గానే చేశారు. ఇప్పుడు వాణ్ణి ఏమీ అనకండి. రిమోట్ మాత్రం ఇంకోచోట పెట్టుకోండి.”

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితం ఇదే. దండన ఆగిపోయినప్పుడు, దాని కింద అణగి ఉన్న ప్రవర్తన తిరిగి పైకి రావడం మామూలే. బయటివాళ్లకు అది వెనకడుగులా కనిపిస్తుంది. కాటుకు ముందు హెచ్చరిక తిరిగి రావడం అంటే ఇంటి భద్రత పెరగడమే. గుర్రుమనడానికి కారణమైన అసౌకర్యాన్ని వెతికి తగ్గించాలి తప్ప ఆ శబ్దాన్ని ఆపకూడదు. కొన్ని నెలల క్రితం ఇదే శిక్షకుడు అలాంటి ఫోన్ వస్తే ఏం సలహా ఇచ్చి ఉండేవారో ఆయనకూ నాకూ తెలుసు. అబ్బాయితో కూడా చెయ్యి సెషన్లు మొదలుపెట్టాం. పడుకున్న కుక్కను పేరుపెట్టి పిలిచి, లేచి వచ్చాకే ముట్టుకోవాలన్న నియమం ఇంట్లో శాశ్వతమైంది.

ఫలితం, మిగిలి ఉన్న పని

పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈ నమోదు రాసే నాటికి బ్రూనో ఎవరినీ కరవలేదు. యజమానురాలూ ఆమె కొడుకూ హార్నెస్ వేయగలరు, తీయగలరు. తువ్వాలు మీద గడ్డం ఆనించి ఉండగా చెవి ఎత్తి లోపల చూడగలరు. దూదితో చెవి బయటి భాగం తుడిచే దాకా వచ్చాం. పశువైద్యశాలకు మజిల్‌తోనే వెళ్తోంది, దాన్ని చూడగానే తనే మూతి దూరుస్తుంది. కొత్తవాళ్లు మెడ దగ్గర ముట్టుకోవడాన్ని ఇప్పటికీ ఒప్పుకోదు, ఒప్పుకునేలా చేయాలని మేము లక్ష్యం కూడా పెట్టుకోలేదు. సమస్య పూర్తిగా నయమైందని ఇంటివాళ్లకు చెప్పలేదు. ఇలా తగ్గిన భయం కొత్త చోట, కొత్త మనుషుల మధ్య, లేదా చాలాకాలం సాధన లేకపోయినప్పుడు తిరిగి తలెత్తగలదని వారికి వివరంగా చెప్పాం. చెవి ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తే ముందుగా మారేది ప్రవర్తనే. అందుకని గడ్డం ఆనించడానికి వెనకాడటం మొదలైతే శిక్షకుడికన్నా ముందు పశువైద్యుల్ని పిలవమన్నాం.

ఒక్క కుక్క కథతో ఒక పద్ధతిని నిరూపించలేమని నాకు తెలుసు. ఇది మరెక్కడి ఆధారాలతోనూ పొసగకపోతే ఇంత ధైర్యంగా రాసేవాణ్ణి కాను. పోర్చుగల్‌లో శిక్షణ కేంద్రాలకు వచ్చే 92 పెంపుడు కుక్కలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, దండన పద్ధతులు ఎక్కువగా వాడే కేంద్రాల కుక్కలు శిక్షణ సమయంలో ఒత్తిడి సూచనలు ఎక్కువ చూపాయి, శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువ పెరిగింది. గిన్నెలో తిండి ఉందో లేదో తేల్చుకోలేని పరిస్థితి కల్పించినప్పుడు ఆ కుక్కలు ఆశ తక్కువగా ప్రవర్తించాయి. శిక్షణ గది దాటి వచ్చాక కూడా కుక్క లోకాన్ని చూసే తీరు మారుతుందని తెలిపే ఈ చివరి అంశం నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలిస్తుంది.

ఇక శిక్షకుడి విషయం. ఈ వృత్తికి చాలా దేశాల్లో లైసెన్సు అవసరం లేదు. బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ శిక్షకులే. అందుకే స్వచ్ఛందంగా ఒక ప్రమాణానికి కట్టుబడటం ముఖ్యమని నేను నా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ చెబుతాను. 2001లో ఏర్పడిన సర్టిఫికేషన్ కౌన్సిల్ ఫర్ ప్రొఫెషనల్ డాగ్ ట్రైనర్స్ లాంటి సంస్థలు పరీక్షతోపాటు కనీసం 300 గంటల శిక్షణ అనుభవం అడుగుతాయి. ఆయన ప్రస్తుతం ఆ గంటలు పూర్తిచేస్తూ అభ్యాస సిద్ధాంతం చదువుతున్నారు. కొత్త కుటుంబాలతో సంతకం చేయించే పత్రంలో ఇప్పుడు ఆయన స్వయంగా కొన్ని షరతులు చేర్చారు: బిగుసుకునే గొలుసు, ముళ్ల కాలర్, విద్యుత్ కాలర్ వాడరు; కాటు చరిత్ర ఉన్న కుక్కకు పశువైద్య నివేదిక లేకుండా పని మొదలుపెట్టరు; తన సామర్థ్యం దాటిన కేసును ప్రవర్తన చికిత్సలో నైపుణ్యం ఉన్న పశువైద్యులకు పంపుతారు; ప్రతి సెషన్ వీడియో కుటుంబానికి ఇస్తారు. ఇంతకుముందు తను గొలుసుతో శిక్షణ ఇచ్చిన కుటుంబాల్లో అందుబాటులో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, కుక్క మెడ నుంచి ఆ గొలుసు తీయించి, రుసుము తీసుకోకుండా మళ్లీ చూస్తానని కూడా చెబుతున్నారు. ఆ కుక్కల్లో గుర్రుమనడం మానేసినవి ఎన్ని ఉన్నాయో ముందుగా కనుక్కోమన్నాను. తొలి పరిశీలన వాటికే జరగాలని ఇద్దరం అనుకున్నాం.